మూడణాల మాట



ఎవరి జ్ఞాపకార్థం మనమిక్కడ కూడామో ఆ మాస్టారు మాకు లెక్కలు చెప్పేవారు. జవాబు ఒక్కటే రాసి చూపిస్తే సున్నా వేసేవారు. "దారి చూపించరా" అనేవారు. చట్టసభల్లో నాయకుల మాటతీరు గురించి చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే. అందుకే ఈ సాయంత్రం ఒక లెక్క గురించే మాట్లాడతాను.

1963 ఆగస్టు. చైనా యుద్ధంలో దెబ్బతిని ఏడాది కూడా నిండలేదు. స్వతంత్ర భారత లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానాన్ని ఆచార్య కృపలానీ పెట్టారు. ఆ ఏడాదే ఫరూఖాబాద్ ఉపఎన్నికలో గెలిచి వచ్చిన రామ్‌మనోహర్ లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని హిందీలో చెప్పారు. ప్రధాని నెహ్రూ కాదన్నారు. సగటు ఆదాయం రోజుకు పదిహేనణాలన్నారు.

ఈ రెండు మాటలనూ కాస్త దగ్గరగా చూద్దాం. నయా పైసలు వచ్చి అప్పటికే ఆరేళ్లు. లోహియా పద్దెనిమిది ముప్పావు పైసలు అనొచ్చు, ఏడాదికి ఇన్ని రూపాయలనీ అనొచ్చు. అనలేదు. జనం నోట ఇంకా ఆడుతున్నది అణాయే. మూడణాలంటే బేడ మీద ఒక అణా, పావలాకు ఒక అణా తక్కువ. ఎంత తక్కువో వినేవాడి అరచేతికే తెలిసిపోతుంది. 'రోజుకు' అనడంలోనూ అంతే బలముంది. కూలివాడు తన బతుకును ఏడాది లెక్కన చూసుకోడు, ఏ పూటకాపూట చూసుకుంటాడు.

పదిహేనణాల బలం వేరు. పదహారణాలంటే మనకు నిండుదనం. పదహారణాల తెలుగు అని ఈనాటికీ అంటాం. పదిహేను అనగానే దాదాపు నిండిపోయినట్టే చెవికి తోస్తుంది. నెహ్రూ అబద్ధమాడారని నేననను. ఆయన దేశం ఆదాయాన్ని మొత్తం జనాభాకు పంచి చెప్పారు. 1961 లెక్కల్లో మన జనాభా దాదాపు 44 కోట్లు. లోహియా అందులో అట్టడుగున ఉన్న అరవై శాతాన్ని విడదీసి చూశారు. సగటు అన్న మాట భూస్వామినీ ఆయన పాలేరునీ ఒకే పంక్తిలో కూర్చోబెడుతుంది. లోహియా ఆ పంక్తిని విడగొట్టారు. ఆ చర్చలో అసలు పోరాటం 'సగటు' అన్న ఆ ఒక్క మాట మీదనే జరిగిందని నా అభిప్రాయం.

మూడణాలు కచ్చితమైన లెక్కేనా? మరీ తగ్గించి చెప్పారేమోనని నాకూ అనుమానమే. అయితే ఆ అంకెకు అంకెతోనే జవాబు చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 1962లో, ఆర్థికవేత్తల కార్యబృందం ఒకటి మనిషికి నెలకు కనీసం 20 రూపాయల ఖర్చు ఉండాలని తేల్చింది. మాస్టారి పద్ధతిలో వేసి చూడండి. 20 రూపాయలంటే 320 అణాలు. ముప్ఫై రోజులకు పంచితే రోజుకు పదిన్నర అణాలు దాటుతుంది. నెహ్రూ చెప్పిన సగటు ఆ కనీసపు గీతకు పైనే ఉంది. మరి గీత కింద ఎంతమంది ఉన్నారు? ఆ ప్రశ్నను సభ నడిబొడ్డుకు తెచ్చింది మూడణాల మాటే. తీర్మానం మాత్రం వీగిపోయింది: అనుకూలం 62, వ్యతిరేకం 347.

ఇప్పుడు సభలో భాష దిగజారిందని అందరం బాధపడుతున్నాం. మన బాధంతా తిట్ల గురించే. తిట్టుకు మందుంది. లోక్‌సభ 380వ నియమం కింద స్పీకర్ ఆ మాటను రికార్డుల్లోంచి తీయించవచ్చు. నన్ను భయపెట్టేవి మర్యాదైన మాటలు. 'పరిశీలనలో ఉంది', 'తగిన చర్యలు తీసుకోవడం జరుగుతోంది'. ఈ వాక్యాలకు కర్త ఉండడు, తేదీ ఉండదు. విన్నవాడు ఎవరిని నిలదీయాలో తెలియక తిరిగిపోతాడు.

ఈ జబ్బును మన పెద్దలు మొదట్లోనే పట్టుకున్నారు. 1953లోనే లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీని వేసుకుంది. మంత్రి నోట ఏ మాటలు వస్తే హామీ కింద జమకట్టాలో ఒక జాబితా కూడా ఉంది. 'పరిశీలనలో ఉంది' అన్నది అందులో ఉంది. అలా అన్నాక ఆ శాఖ మూడు నెలల్లో పని పూర్తి చేయాలి, లేదా గడువు పెంచమని కమిటీని అడగాలి. తప్పించుకోవడానికి వాడే మాటనే బాకీగా రాసుకున్న ఈ ఏర్పాటంటే నాకెంతో గౌరవం. దీని సంగతి మన ఊళ్లలో తెలిసినవాళ్లు బహు తక్కువ.

సభ్యులు అడిగిన ప్రశ్నలూ, మంత్రుల జవాబులూ పార్లమెంటు వెబ్‌సైట్లో ఎవరైనా చదవొచ్చు. ఇంటికెళ్లాక మీ ఎంపీ అడిగిన ఒక్క ప్రశ్న తీయండి. జవాబులో చేసేదెవరు, ఎప్పటికి, ఎంత అన్న మూడింటి కింద పెన్సిల్‌తో గీత గీయండి. గీయడానికి ఏమీ దొరక్కపోతే ఆ కాగితం మీ ఎంపీకే పంపి, మళ్లీ అడగమని రాయండి.