పేరు చెక్కని సమాధులు



హోసూరు, కృష్ణగిరి పట్టణాల నడుమ మల్లచంద్రం గుట్టమీద రాతి గూళ్ళు అనేకం ఉన్నవి. నాలుగు వైపులా నిలువు పలకలు, పైన ఒక కప్పుబండ, ఒక పలకలో గుండ్రని రంధ్రం, చుట్టూ నిలువురాళ్ళ వలయం. ఇట్టివానిని తెలుగువారు రాక్షసగుళ్ళనీ, పాండవగుళ్ళనీ పిలుస్తూ వచ్చారు. ఇవి గుళ్ళు కావు, రాక్షసులవీ కావు. ఇనుపయుగపు మానవులు తమ మృతులకు కట్టిన సమాధులు. దక్షిణదేశంలో ఇటువంటి సమాధులను త్రవ్వినపుడు కుండలతోబాటు కత్తి, బాణపుమొన, కొడవలి వంటి ఇనుప పనిముట్లు తరచుగా దొరికినవి.

ఆ ఇనుమును మొదట తీసినవాడెవడు? బర్గూరు ప్రాంతంలోని మయిలాడుంపారైలో తమిళనాడు పురావస్తుశాఖ 2021లో త్రవ్వకాలు జరిపింది. అక్కడ ఇనుము దొరికిన పొర క్రీ.పూ. 2172 నాటిదని 2022లో శాసనసభలో ప్రకటించారు. 2025లో తూత్తుకుడి జిల్లాలోని శివగళైకి అంతకంటె పాత కాలం చెప్పారు. ప్రథమస్థానం పోయిందని కృష్ణగిరివారు చిన్నబోనక్కరలేదు.

ఇనుపరాయిని వట్టి మంటలో వేస్తే ఇనుము రాదు. మట్టికొలిమిలో రాయినీ బొగ్గునూ వరుసలుగా పేర్చి, తిత్తులతో గంటల తరబడి గాలి ఊదాలి. బొగ్గునుండి పుట్టిన వాయువు రాతిలోని ప్రాణవాయువును లాగివేస్తుంది. మలినం చిట్టెమై కారిపోగా, కరగని ఇనుము స్పంజివంటి ముద్దగా మిగులుతుంది. ఎర్రగా ఉండగానే దానిని సమ్మెటతో మోది, మిగిలిన చిట్టెం వదలగొట్టాలి. గాలి ఎక్కువైనా తక్కువైనా పని చెడుతుంది. ఎన్ని కొలిములు చెడిన తర్వాత ఒకటి పండిందో!

పేరున్నవానికి మాత్రం న్యాయం జరిగిందా? ఈ ప్రాంతం సేలం జిల్లాలో ఉన్న రోజులలో, ఆ జిల్లా ఇనుపరాయిని నమ్మి జోసయా మార్షల్ హీత్ అనే కంపెనీ ఉద్యోగి 1830 ప్రాంతంలో పరంగిపేటలో కర్మాగారం పెట్టి నష్టపోయాడు. ఇక్కడి కమ్మరులు మూసలలో చేసే ఉక్కును గూర్చి వ్యాసం వ్రాశాడు. మాంగనీసు చేర్చి మేలైన ఉక్కు చేసే పద్ధతికి 1839లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. షెఫీల్డులోని ఉత్పత్తిదారులు ఆ పద్ధతినే కొద్దిగా మార్చి లాభాలు గడించారు. వ్యాజ్యం తెగకుండానే 1851లో అతడు మరణించాడు. 1855లో ప్రభువుల సభ తీర్పు కూడ వ్యతిరేకంగానే వచ్చింది. అయినా కాగితాలలో అతని పేరు నిలిచింది. కమ్మరికి అదీ లేదు.

పశువుల మందను కాపాడుతూ ప్రాణమిచ్చిన వీరులకు ఈ జిల్లాలోనే వీరగల్లులున్నవి. కొన్నింటిపై శాసనాలు కూడ ఉన్నవి. ఆ వీరుని చేతి కత్తిని చేసినవానికి ఈ రాతి గూళ్ళే గురుతు. గ్రానైటు గనులున్న జిల్లాలో పలకరాయికి వెల ఉన్నది. సమాధులలో నిధి ఉందనే భ్రమ సరేసరి. బడిపిల్లలు గుట్టకు వెళ్ళినపుడు కప్పుబండ ఎక్కకుండా, రంధ్రంలోంచి లోపలికి చూచి రావలెను. లోపలి మన్నును కదిపే అధికారం పురావస్తుశాఖవారిది.