పట్టా చేతికొచ్చేదాకా

(సొసైటీ వార్షిక సమావేశంలో దాతలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో దాతలు మొదట అడిగే ప్రశ్న, "ఈ ఏడాది ఎంతమంది పిల్లల్ని కాలేజీలో చేర్పించారు?" అని. మంచి ప్రశ్నే. ఈ రోజు దాని పక్కన మేము ఇంకో ప్రశ్న పెట్టదలిచాం. మూడేళ్ల కిందట చేరినవారిలో ఎంతమంది చేతికి డిగ్రీ పట్టా వచ్చింది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. కేంద్ర విద్యాశాఖ 2020-21 సర్వేలో ఉన్నత విద్యలో ఉన్న విద్యార్థుల్లో ముస్లిం మైనారిటీ వాటా 4.6 శాతమే. ఇది చేరినవారి లెక్క. ఇంత కష్టపడి గడప దాటినవారిలో ఒక్కరు మధ్యలో వెనుదిరిగినా అది మనకు పెద్ద నష్టం.

మన పేటల్లో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూద్దాం.

మొదటి మలుపు తొలి సెమిస్టర్. ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో ఇంటర్ చదివిన పిల్లవాడు ఇంగ్లిష్ మీడియం డిగ్రీలో కూర్చుంటాడు. రెండు పేపర్లు పోతాయి. ఇంట్లో చెప్పడు. రెండో సెమిస్టర్‌లో ఇంకో రెండు. బ్యాక్‌లాగులు నాలుగయ్యాక క్లాసుకు వెళ్లడానికే మొహం చెల్లదు.

రెండోది పరీక్ష ఫీజు గడువు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే నాన్న ఆటో రిపేరుకు వచ్చిందనుకోండి. గడువు దాటుతుంది, ఆలస్య రుసుము పడుతుంది, అదీ దాటితే హాల్ టికెట్ రాదు. కొద్ది డబ్బుకు సెమిస్టర్ పోతుంది.

మూడోది ఫీజు రీయింబర్స్‌మెంట్. ఈపాస్‌లో ఒకసారి దరఖాస్తు చేస్తే సరిపోదు, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. మీసేవ నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. హాజరు 75 శాతం ఉండాలి. వీటిలో ఏది తప్పినా ఫీజు మొత్తం పిల్లవాడి నెత్తిన పడుతుంది. చివరి ఏడాదిలో బకాయి ఉందంటే మెమోలు, టీసీ చేతికి రావడం కష్టమవుతుంది. చదువు పూర్తయినా కాగితం రానివారు కూడా మన మధ్య ఉన్నారు.

నాలుగోది పని, పెళ్లి. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. బండి ఉంటే డెలివరీ పని ఆ రోజే దొరుకుతుంది. ఇల్లు గడవని చోట నెల జీతం రుచి తగిలాక ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. అమ్మాయిలకు ఐదో సెమిస్టర్‌లోనే సంబంధాలు వస్తాయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి ఉప్పల్ నుంచి కోఠి వెళ్లడానికి టికెట్ ఖర్చు అడ్డం కాదు. నికాహ్ తేదీ పరీక్ష తేదీకి ముందు పడటమే అడ్డం.

ఈ నాలుగింటిలోనూ ఒక పోలిక ఉంది. విషయం ముందుగా తెలిసేది పక్క బెంచీ స్నేహితుడికి. తర్వాత తల్లికి, ఆ తర్వాత తండ్రికి. కమిటీకి తెలిసేసరికి గడువులన్నీ దాటిపోయి ఉంటాయి. అందుకే ముందుగా తెలిసే మనిషికే ఈ బాధ్యత అప్పగించాలని మా ఆలోచన. వారిని విద్యార్థి రాయబారులు అందాం.

ఇది కొత్త ఊహ కాదు. అమెరికాలో పేద, శ్రామిక కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలున్నాయి. అక్కడా చేరేవారు ఎక్కువ, పూర్తి చేసేవారు తక్కువ. 2010లో ఆరు జాతీయ సంస్థలు కలిసి, పట్టాలు పొందేవారి సంఖ్యను పదేళ్లలో 50 శాతం పెంచాలని పూనుకున్నాయి. వాటిలో ఒకటైన ఫై థీటా కప్పా ఆ కాలేజీల విద్యార్థుల సంఘమే. చదువు పూర్తి చేస్తామని తోటివారి చేత సంతకాలు పెట్టించే పనిని విద్యార్థులే భుజాన వేసుకున్నారు.

సంతకం ఒక్కటే చాలదని న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన కార్యక్రమం చూపించింది. అక్కడ ఫీజు లోటు పూడ్చారు, పుస్తకాలకు సాయం చేశారు, రవాణా పాస్ ఇచ్చారు, తరచూ పిలిచి మాట్లాడే సలహాదారుణ్ణి పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ కార్యక్రమంలో ఉన్నవారిలో 40 శాతం మంది పట్టా పొందారు. లేనివారిలో 22 శాతమే. డబ్బు, బస్ పాస్, అడిగే మనిషి ఒకచోట చేరితే వచ్చిన ఫలితం అది.

మన ప్రణాళిక చెబుతాం. సొసైటీ సాయంతో చదువుతున్న రెండో, మూడో ఏడాది విద్యార్థుల్లో పదిమందిని రాయబారులుగా ఎంచుకుంటాం. ఐదుగురు అమ్మాయిలు, ఐదుగురు అబ్బాయిలు. ఒక్కొక్కరికి పదిమంది జూనియర్లు. అమ్మాయిలను అమ్మాయిలే చూసుకుంటారు. పదిహేను రోజులకోసారి కలిసి మూడే మాటలు అడగాలి. క్లాసుకు వెళ్తున్నావా? ఏ పేపర్ భయపెడుతోంది? ఏ గడువు దగ్గరపడింది? పరీక్ష ఫీజు, ఈపాస్ రెన్యువల్, ఇంటర్నల్ పరీక్షల తేదీల పట్టిక ప్రతి రాయబారి దగ్గర ఉంటుంది.

రాయబారి చేతికి డబ్బు ఇవ్వం. అది స్నేహాన్ని పాడుచేస్తుంది. అతను కబురు చేస్తే రెండు రోజుల్లో సొసైటీయే పరీక్ష ఫీజు కడుతుంది. ఇంటి విషయాలు రాయబారి నోటి నుంచి బజారుకు రాకూడదు. పెళ్లి ముహూర్తం, తండ్రి అనారోగ్యం లాంటివి అతని వయసుకు మించిన భారం. అక్కడ మన కమిటీలోని ఇద్దరు పెద్దలు, ఇద్దరు తల్లులు ముందుకొస్తారు. పరీక్షలు రాసే వరకు ఆగండని, లేదా పెళ్లయ్యాక రాయనివ్వండని అత్తింటివారితో మాట్లాడతారు.

ఇప్పటికే ఆగిపోయినవారిని కూడా వదలం. బ్యాక్‌లాగులున్నవారికి సప్లిమెంటరీ ఉంది. పాత బ్యాచ్‌లకు ఉస్మానియా ఎప్పుడైనా వన్ టైమ్ చాన్స్ ప్రకటిస్తే ఆ కబురు వారి ఇంటికి చేర్చాలి. పని మానలేనివారికి 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూలో చదవాలనుకునేవారికి 1998 నుంచి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ఉంది.

ఇక డబ్బు సంగతి. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్‌ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. ఆ సొమ్ము అర్హులైన విద్యార్థుల పేరు మీదే ఖర్చవుతుంది. రాయబారుల నెలవారీ గౌరవ వేతనం, ప్రయాణం, ఫోన్ ఖర్చులకు జకాత్ పైసా వాడం. వాటికి వేరే విరాళం కావాలి. అలాగే ఒక నిజం ముందే చెప్పాలి. ఉన్న నిధిలో కొంత పాత పిల్లలను నిలబెట్టడానికి పక్కన పెడితే, వచ్చే జూన్‌లో దోస్త్ ద్వారా సీటు వచ్చిన కొత్తవారిలో కొందరికి మనం కాదనాల్సి వస్తుంది. గుమ్మం ముందు నిలబడ్డ బిడ్డను కాదనడం తేలిక కాదు. ఆ మాట రాకుండా చూడగలిగేది మీరే.

అందుకే రెండు కోరికలు. ఒక విద్యార్థికి సాయం చేసే దాత ఒక ఏడాదికి కాక మూడేళ్లకు మాట ఇవ్వండి. ఇవ్వగలిగినవారు ఒక రాయబారి ఖర్చు కూడా భరించండి. బదులుగా మేమిచ్చే మాట ఇది. వచ్చే ఏడాది నుంచి ఈ సంచికలో చేరినవారి లెక్క పక్కనే పూర్తి చేసినవారి లెక్క, మానేసినవారి లెక్క, మానేసిన కారణం అచ్చు వేస్తాం. పేర్లు మాత్రం వేయం. అంకె చిన్నదైనా దాచం.

బద్ర్ యుద్ధంలో పట్టుబడ్డవారిలో చదువొచ్చి విమోచన ధనం కట్టలేనివారికి, తలా పదిమంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల అని దైవప్రవక్త (స) అవకాశమిచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. నిన్నటిదాకా శత్రువుగా ఉన్నవాడి నుంచి కూడా చదువు అందుకున్న సమాజం మనది. మన సొంత బిడ్డలు తలా పదిమందిని పట్టా దాకా నడిపించలేరా?

మీ దానాలను అల్లాహ్ స్వీకరించాలని, మన పిల్లలు మొదలుపెట్టిన ప్రతి చదువునూ పూర్తి చేసే శక్తి ప్రసాదించాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.