ఆపరేషన్‌కి హాస్పిటల్ బ్యాగ్ ఎలా సర్దుకోవాలి?

 

ఇవాళ్టి టాపిక్ వినడానికి చాలా చిన్నది. ఇంట్లో ఒకరికి ఆపరేషన్ డేట్ ఫిక్స్ అయింది. నాలుగైదు రోజులు హాస్పిటల్‌లో ఉండాలి. బ్యాగ్‌లో ఏం పెట్టుకోవాలి? "దీనికి ఒక ఎపిసోడ్ కావాలా, నాలుగు జతల బట్టలు, బ్రష్, పేస్ట్, ఛార్జర్ పడేసుకుంటే అయిపోయె కదా" అనుకుంటున్నారేమో. తిరుపతి వెళ్తే అయిపోతుంది. ఆపరేషన్‌కి అవ్వదు. ఎందుకో చెప్తాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ పని చేసి, ఇటు వచ్చినవాణ్ణి. మందుల విషయంలో మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్. నేను చెప్పేది అటెండెంట్ కుర్చీలోంచి కనిపించిన విషయాలు. పోయినేడాది మా అమ్మకి మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది. ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. ఐదు రోజులు నేను, అన్నయ్య, వదిన వంతులేసుకుని ఉన్నాం. అందుకే ఉదాహరణలన్నీ మోకీలు ఆపరేషన్ నుంచే చెప్తాను. కానీ గాల్‌బ్లాడర్ అయినా, హెర్నియా అయినా, గర్భసంచి ఆపరేషన్ అయినా లెక్క ఒకటే.

అసలు పాయింట్ ఇది. బ్యాగ్ సర్దేది ఒక మనిషి, దాన్ని వాడేది ఇంకో మనిషి. ముందు రోజు రాత్రి సర్దేటప్పుడు అమ్మ రెండు చేతులతో పని చేసుకుంటోంది, వంగుతోంది, కళ్లజోడు పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఒక చేతికి ఐవీ సూది ఉంటుంది. వంగలేదు. మత్తు పూర్తిగా దిగదు. కళ్లజోడు ఎక్కడుందో తెలీదు. కాబట్టి ప్రతి వస్తువుకీ ఒక టెస్ట్ పెట్టండి: పడుకుని, ఒక్క చేత్తో, నిద్రమత్తులో దీన్ని వాడగలరా? వాడగలిగితే బ్యాగ్‌లోకి. లేకపోతే దాని బదులు ఇంకోటి.

ఈ టెస్ట్ బట్టలతో మొదలుపెడదాం. మా అమ్మ ఇష్టంగా కొత్త నైటీలు తీసిపెట్టింది, తల మీద నుంచి వేసుకునేవి. ఐవీ లైన్ ఉన్న చేత్తో అది వేయడం, తీయడం నరకం. ముందు పూర్తిగా బటన్లు లేదా జిప్ ఉన్న నైటీలు తీసుకోండి. చేతులు వదులుగా ఉండాలి, ఒక సైజు పెద్దదైనా ఫర్వాలేదు. లోపల లంగాకి బొందు కాకుండా ఎలాస్టిక్ ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి బాత్రూమ్ ముందు నిలబడి ముడి విప్పుకునే ఓపిక ఎవరికీ ఉండదు. పొట్ట మీద కోత పడే ఆపరేషన్ అయితే ఆ ఎలాస్టిక్ కూడా కుట్ల మీద పడకూడదు. మగవాళ్లకి పైజమా కంటే లుంగీ మేలు. పైన ముందు బటన్లుండే పాత చొక్కా చాలు. వార్డులో హాస్పిటల్ గౌనే వేస్తారు కదా అంటారు. వేస్తారు. కానీ మూడో రోజు మన బట్టలు మనం వేసుకుంటే మనిషి ముఖం మారిపోతుంది. చూసి చెప్తున్నా.

చెప్పులు. మోకీలు మార్పిడి తర్వాత చాలాచోట్ల అదే రోజు లేదా మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతారు. హవాయి చెప్పులేసుకుని వాకర్‌తో నడవడం ప్రమాదం. వెనక పట్టీ ఉండి, జారని రబ్బరు అడుగు ఉన్నవి కావాలి. కాలు వాస్తుంది కాబట్టి కొంచెం వదులుగా ఉండాలి. వాకర్ కూడా ముందే కొనుక్కుని, ఎత్తు సరిచేసి పెట్టుకోండి. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే, వాకర్ పిడి మణికట్టు దగ్గరికి రావాలి.

ఇప్పుడు నగల సంగతి. మన ఇళ్లలో ఇది పెద్ద చర్చ. ఆపరేషన్ థియేటర్‌లోకి లోహం వద్దంటారు. రక్తస్రావం ఆపడానికి కరెంటుతో పనిచేసే కాటరీ వాడతారు, అదొక కారణం. వేళ్లు వాస్తే ఉంగరాలు, మెట్టెలు బిగుసుకుపోతాయి, అదింకో కారణం. మంగళసూత్రం తీయడానికి అమ్మ అస్సలు ఒప్పుకోలేదు. వదిన ముందుగానే పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి రెడీగా పెట్టింది. "సూత్రాలు తీశాక ఇది కట్టుకోండత్తయ్యా" అంది. అప్పుడుగానీ అమ్మ శాంతించలేదు. థియేటర్‌లోకి ఆ తాడు ఉండనిస్తారో లేదో సిస్టర్‌ని ముందే అడగండి. మా దగ్గర ఒప్పుకున్నారు, అన్నిచోట్లా ఒప్పుకోకపోవచ్చు. ముక్కుపుడక ఇరవై ఏళ్లుగా తీయనిదైతే థియేటర్ గుమ్మంలో రాదు. రెండు రోజుల ముందే కంసాలి దగ్గరికి వెళ్లి వదులు చేయించండి. గోళ్ల రంగు తీసేయండి, ఆ వారం గోరింటాకు పెట్టుకోవద్దు. ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెడతారు, రంగుంటే రీడింగ్ తేడా రావచ్చు. జుట్టు పొడుగ్గా ఉంటే రెండు జడలు వేయండి. ఒక జడ వేస్తే తల కింద ఒత్తుకుంటుంది, రెండు రోజుల్లో చిక్కు పడిపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మూడు వస్తువులు. ఇవి చాలామంది బ్యాగ్ అడుగున పెడతారు, లేదా "పోతాయేమో" అని ఇంట్లోనే వదిలేస్తారు. కళ్లజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు. ఇవి ఎందుకంత ముఖ్యమో మా తాతయ్య విషయంలో తెలిసింది. ఆయనకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆ రాత్రి మనుషుల్ని గుర్తుపట్టలేదు. "ఇంటికి పోదాం, బండి కట్టండి" అని లేచిపోబోయారు, సూది పీకేయబోయారు. పెద్ద వయసువాళ్లలో ఆపరేషన్ తర్వాత ఇలా అవుతుంది. దీన్ని డెలీరియం అంటారు. ఇంట్లోవాళ్లు "తాతకి మతి పోయింది" అని ఏడుపు. వచ్చిన డ్యూటీ డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న: "ఈయనకి కళ్లజోడు, వినికిడి మిషన్ ఉన్నాయా?" ఉన్నాయి, పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో. తెచ్చి పెట్టారు. పిన్ని చెవి దగ్గర కూర్చుని ఏ ఊళ్లో ఉన్నాం, ఎందుకొచ్చాం అని మెల్లగా చెప్తూ ఉంది. వెంటనే మామూలైపోయారని చెప్పను, రెండు రోజులు పట్టింది. మందులు, సెలైన్, అన్నీ చూశారు. కానీ ఆ రాత్రి కొంచెం కుదుటపడ్డారు. ఆలోచించండి, కనపడదు, వినపడదు, తెలియని చోట, ఒళ్లంతా పైపులు. ఎవరికైనా భయమే కదా.

అందుకని ఈ మూడింటికీ మూతున్న చిన్న డబ్బాలు తీసుకోండి. పైన మార్కర్‌తో పేషెంట్ పేరు రాయండి. వినికిడి మిషన్‌కి స్పేర్ బ్యాటరీలు పెట్టండి. థియేటర్‌కి వెళ్లేటప్పుడు అటెండెంట్ చేతికి, బయటికి రాగానే మళ్లీ పేషెంట్‌కి. పేషెంట్ తికమకగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తే "వయసు కదా" అని ఊరుకోకండి, వెంటనే సిస్టర్‌కి చెప్పండి.

మందులు. రోజూ వేసుకునే బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ప్లాస్టిక్ డబ్బాలో కలిపి పోసి తీసుకెళ్లకండి. స్ట్రిప్పులతో తీసుకెళ్లండి, పేరు, ఎన్ని ఎంజీ అన్నది స్ట్రిప్పు మీదే ఉంటుంది. ఆయుర్వేదం, హోమియో, నొప్పులకి ఎవరో ఇచ్చిన పొడి, అన్నీ చూపించండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో వారం ముందే అడగాలి, అడ్మిషన్ రోజు కాదు. అడ్మిట్ అయ్యాక బ్యాగ్‌లోంచి సొంతంగా మాత్ర తీసి వేయకండి. సిస్టర్ ఉదయం బీపీ మాత్ర ఇచ్చి వెళ్తారు, అమ్మ అలవాటు కొద్దీ తనది ఇంకోటి వేసుకుంటుంది. రెండు డోసులు పడతాయి. మందులు సిస్టర్‌కి చూపించడానికి మాత్రమే. తర్వాత ఆ కవరు అటెండెంట్ దగ్గరే ఉండాలి.

ఇప్పుడు ఫైల్. ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, డాక్టర్ రాసిన చీటీలు, అన్నీ ఒకే ఫోల్డర్‌లో. జిరాక్స్‌లు నాలుగేసి. ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో వెళ్తుంటే రేషన్ కార్డు లేదా హెల్త్ కార్డు కూడా పెట్టుకుని, ముందు ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లండి. మేము టెస్టింగ్‌లో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం, ఆ ఒక్కటి ఆగితే అన్నీ ఆగిపోతాయి. హాస్పిటల్‌లో అది పేషెంట్ ఫోన్. ఓటీపీలన్నీ దానికే వస్తాయి, పేషెంటేమో థియేటర్‌లో ఉంటారు. కాబట్టి ఫోన్, దాని లాక్ నంబర్ మీరు నమ్మిన ఒక్క మనిషి దగ్గర ఉండాలి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద కూడా రాసిపెట్టండి.

ఇంకో సంగతి. క్యాష్‌లెస్ అన్నారు కదా, జేబులో డబ్బులెందుకు అనుకోవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీలు మామూలుగా చెల్లించని 68 వస్తువుల లిస్టు ఒకటుంది. అందులో గ్లౌజులు, మాస్కులు, డైపర్లు, క్రేప్ బ్యాండేజీ, నీ బ్రేస్, అటెండెంట్ భోజనం లాంటివన్నీ ఉంటాయి. వీటికి కవర్ ఇచ్చే పాలసీలూ ఉన్నాయి, మీదేదో ఒకసారి చూసుకోండి. డైపర్లు, వెట్ వైప్స్, టిష్యూలు ఎలాగూ మన డబ్బులే అయినప్పుడు, హాస్పిటల్ ఒప్పుకుంటే బయట కొనుక్కుని వెళ్లడమే నయం.

చిన్న వస్తువులు గబగబా చెప్పేస్తా. వంగే స్ట్రాలు, పడుకుని నీళ్లు తాగడానికి. స్పూన్, స్టీలు గ్లాసు, ఫ్లాస్కు. రెండు పల్చటి తువ్వాళ్లు, ఎందుకంటే మందంవి ఆరవు. పొడుగు వైరున్న ఛార్జర్, ప్లగ్ ఎప్పుడూ మంచానికి దూరంగానే ఉంటుంది. పెదాలకి వాసెలీన్, ఆపరేషన్ ముందు ఏమీ తాగనివ్వరు కాబట్టి పెదాలు ఎండిపోతాయి. మంచం పక్కన కట్టుకోవడానికి ఒక గుడ్డ సంచి. కళ్లజోడు, ఫోన్, రుమాలు, స్ట్రా అందులో ఉంటే అమ్మ మనల్ని లేపకుండా తీసుకుంటుంది. ఆవకాయ సీసా మాత్రం డాక్టర్‌ని అడిగి. నోటికి సహించట్లేదని అమ్మ బతిమాలింది, డైటీషియన్ రెండు రోజులు ఆగమన్నారు, ఆగాం.

ఇక అటెండెంట్ బ్యాగ్. దీన్ని ఎవరూ సర్దరు. మన దగ్గర రోగి పక్కన రాత్రంతా మేల్కొనేది కుటుంబమే. దుప్పటి, సాక్సులు, స్వెట్టర్ ఉండాలి, ఏసీ గదిలో ఆ సన్న మంచం మీద మే నెలలోనూ వణుకుతారు. మీ సొంత మందులు, పవర్ బ్యాంక్, చిల్లర, బిస్కెట్లు. వాటితో పాటు ఒక నోట్‌బుక్. ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, మూత్రం, విరేచనం ఎప్పుడు అయ్యాయి, డాక్టర్ ఏమన్నారు, తర్వాత ఏం అడగాలి, అన్నీ టైముతో రాయండి. రాత్రి ఎనిమిదింటికి నేను వెళ్లి అన్నయ్య వచ్చేవాడు. మా ఇద్దరి మధ్యా ఆ నోట్‌బుక్కే మాట్లాడేది. సామాను కూడా అంతే, సర్దిన మనిషి లేకపోయినా ఇంకొకరికి దొరకాలి. కవర్ల మీద బట్టలు, ఫైల్, మందులు అని రాసిపెట్టండి. "ఏరా, నా రుమాలు ఎక్కడ్రా" అని అమ్మ అర్ధరాత్రి అడిగితే మొత్తం బ్యాగ్ బోర్లించాల్సిన పని ఉండదు.

గవర్నమెంట్ హాస్పిటల్‌కి వెళ్తుంటే బకెట్, మగ్గు, దుప్పటి, చాప, తాళం కప్ప కూడా చూసుకోండి. అక్కడ అటెండెంట్ చాలాసార్లు వరండాలోనే పడుకోవాలి. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రుల దగ్గర 5 రూపాయల భోజనం కౌంటర్లున్నాయి, టైము కనుక్కుని పెట్టుకోండి.

చివరిది, డిశ్చార్జ్ రోజు. డాక్టర్ ఉదయం పదింటికి "ఇంటికి వెళ్లొచ్చు" అన్నారు. మేము గేటు దాటింది చీకటి పడ్డాక. బిల్లు ఒక కౌంటర్, ఇన్సూరెన్స్ ఇంకో కౌంటర్, ఫార్మసీ లెక్క ఇంకోటి. హాస్పిటల్ నుంచి రిక్వెస్ట్ అందిన 3 గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఆ గంటలు మొదలయ్యేది హాస్పిటల్ రిక్వెస్ట్ పంపాకే. కాబట్టి "పంపారా, ఎన్నింటికి పంపారు" అని బిల్లింగ్‌లో అడుగుతూ ఉండండి. పొద్దున్నే సామానంతా కారులో పెట్టేయకండి. మధ్యాహ్నం మందులు, నీళ్లు, తినడానికి ఏదైనా, దిండు, చివరి నిమిషం దాకా పైనే ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, ఇంప్లాంట్ స్టిక్కర్ ఫోల్డర్‌లో పడ్డాయో లేదో చూసుకోండి. మోకీలు ఇంప్లాంట్లకి 2017 ఆగస్టులోనే ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ పేరు, ధర విడిగా కనిపించాలి, కనిపించకపోతే అడగండి.

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది చేయండి. అడ్మిషన్ ముందు రోజు రాత్రి పేషెంట్‌ని మంచం మీద పడుకోబెట్టండి. ఒక చేయి వాడొద్దని చెప్పండి. "నీళ్లు తాగు, ఫోన్ తియ్యి, కళ్లజోడు పెట్టుకో, నైటీ మార్చుకో" అనండి. పది నిమిషాల పని. నవ్వుకుంటారు కూడా, ఆపరేషన్ భయం కొంచెం తగ్గుతుంది. ఎక్కడ ఇబ్బంది పడ్డారో అక్కడే బ్యాగ్‌లో ఏదో తక్కువైంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, అంతా మంచిగా జరగాలని కోరుకుంటున్నా. అటెండెంట్‌గా వెళ్లేది ఎవరో వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి, పేషెంట్ కంటే ముందు వాళ్లు చూడాలి.