పాపికొండలు చలికాలం ట్రిప్: ఏ బోటు అని అడిగే ముందు

ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్స్ తక్కువ, మాటలు ఎక్కువ. కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకుంటూ వినేయండి.

నవంబర్ వచ్చిందంటే నాకు ఒకటే మెసేజ్. "అన్నా, పాపికొండలుకు ఏ బోటు బుక్ చేయాలి? ఏసీ ఉన్నది మంచిదా, లేనిదా? ఫుడ్ ఎందులో బాగుంటది?" బ్రో, ఏ బోటు అనేది మూడో ప్రశ్న. ఏ రోజు, ఏ రేవు అన్నవి ముందు తేలాలి. ఈ రెండూ తప్పితే ఎంత మంచి బోటు ఎక్కినా లాభం లేదు.

నేనూ మొదట మీలాగే బోటు ఫోటోలు చూస్తూ కూర్చున్నా. కాకపోతే నా మీద పడ్డ బాధ్యత కొంచెం పెద్దది. మా బాపు బోధన్ శక్కర్‌నగర్‌లో షుగర్ ఫ్యాక్టరీల పనిచేసిండు. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డాక ఆ పాత దోస్తులందరూ తలో దిక్కు అయ్యిండ్రు కానీ వాట్సాప్ గ్రూప్ మాత్రం నడుస్తనే ఉంది. ఒకరోజు అందులో ఎవరో పాపికొండల మంచు ఫోటో పెట్టిండ్రు. అంతే, ఐదు జంటలు తయారు. పది మంది, అందరూ అరవై దాటినోళ్లు, ఒక్కరికీ ఈత రాదు. "మావాడు వీడియోలు చేస్తడు, వానికి అన్నీ తెలుసు" అని బాపు నా పేరు చెప్పేసిండు.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "గా పడవ మునిగింది టీవీల చూసినం గదా బిడ్డా. నేనైతే ఎక్క" అంది. అమ్మ చెప్పేది 2019 సెప్టెంబర్ 15 సంగతి. ఆ రోజు కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. బోటులో 77 మంది. బతికి బయటపడింది 26 మంది. వాళ్లను కాపాడింది దగ్గర్లోని ఊళ్ల గిరిజనులు, సొంత పడవలేసుకుని వెళ్లి. బోటును బయటికి తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి, తాళ్లు, లంగర్లు వేసి లాగారు. చనిపోయినవాళ్లలో మన తెలంగాణ వాళ్లు చాలామంది. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి ఒక బృందం కలిసి వెళ్లింది. మా బాపు గ్రూప్ లాంటిదే.

అమ్మ భయాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేయాలనిపించలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఏదైనా సర్వర్ పడిపోతే, ఎందుకు పడిపోయిందో రాసుకునేవాళ్లం. అదే పని చేశా. ఆ రోజు గోదావరిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద పోతోంది. కచ్చులూరు దగ్గర నది కొండల మధ్య మెలిక తిరుగుతుంది, అక్కడ సుడులు ఉంటాయి. ఆ నీళ్లలో, ఆ మెలిక దగ్గరికి బోటు ఎదురెక్కింది. బోటు లోపల ఏసీ ఉందా, బిర్యానీ ఉందా అన్నదానికి దీంతో సంబంధమే లేదు. తప్పు రేవు దగ్గర, బయల్దేరాలని అనుకున్నప్పుడే జరిగింది.

సరే, మొదట రోజు సంగతి. మన కందకుర్తి దగ్గర మంజీర కలిసే చోట చలికాలం గోదావరిని చూస్తే ఇసుకే ఎక్కువ కనిపిస్తది. అది చూసి కిందంతా అట్లనే ఉంటదనుకోవద్దు. భద్రాచలం చేరేసరికి ప్రాణహిత, ఇంద్రావతి కలిసిపోయి అది వేరే నది అయితది. భద్రాచలం దగ్గర నీటిమట్టానికి మూడు హెచ్చరికలు ఉంటాయి: 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. డిసెంబర్, జనవరిలో నది వీటన్నిటికీ చాలా కిందే ఉంటుంది, అందుకే చలికాలం మంచిది. అలాగని చలికాలంలో వానే రాదనుకోవద్దు. మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబర్ 5న. ట్రిప్‌కు మూడు రోజుల ముందు నుంచి నీటిమట్టం, వాతావరణ సూచన రెండూ చూడండి, ఫోన్‌లోనే దొరుకుతాయి.

మాకు ఇంకో చిక్కు ఉండె. గ్రూప్‌లో ఇద్దరికి చెరుకు తోటలున్నయి, నరుకుడు మొదలైతే వాళ్లు ఊరు కదలరు. ఒకాయనకు పసుపు ఉంది. కార్తీక మాసంలో రేవుల దగ్గర జాతరే, సంక్రాంతికి అంతకంటే ఎక్కువ. చివరికి డిసెంబర్ రెండో వారం, మంగళవారం ఖాయం చేసినం. వారం మధ్యలో వెళ్తే బోటులో జనం తక్కువ ఉంటారు. ఇది రాసుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది రేవు. పాపికొండలుకు రెండు వైపుల నుంచి వెళ్లొచ్చు. రాజమండ్రి వైపు నుంచి అయితే రోడ్డు మీద గండిపోచమ్మ గుడి దాకా వెళ్లి అక్కడ ఎక్కుతారు. దేవీపట్నం, కచ్చులూరు మీదుగా ప్రవాహానికి ఎదురెళ్లి పేరంటపల్లి చేరతారు. నీళ్ల మీద ఎక్కువ సేపు ఉంటారు. పోలవరం కోసం ఖాళీ అయిన ఊళ్లు దారిలో కనిపిస్తయి. ఆ ప్రాజెక్టు పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంత నీళ్లు నిలబెట్టిన రోజు ఈ ఒడ్లు ఇప్పటిలా ఉండవు, ఈ రూట్లో చూడాలంటే ఇప్పుడే చూడాలి.

భద్రాచలం వైపు నుంచి అయితే కూనవరం మీదుగా పోచవరం రేవు. తెలంగాణ వాళ్లకు ఇది దగ్గరనిపిస్తది కానీ పోచవరం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇక్కడ ఎక్కితే కొండల మధ్యకు తొందరగా చేరతాం, పేరంటపల్లి దాకా వెళ్లి వెనక్కి. నీళ్ల మీద టైం తక్కువ, కానీ అందులో కొండల మధ్య గడిపే భాగం ఎక్కువ. పెద్దవాళ్లకు, చలికి, బాత్రూం ఇబ్బందికి ఇదే నయం అని నా లెక్క. ఇరవై ఏళ్ల వయసులో ఫ్రెండ్స్‌తో అయితే నేను గండిపోచమ్మే అంటా.

ఏ ప్యాకేజీ అయినా ఒక్క ప్రశ్న అడగండి: మొత్తం టైంలో కొండల మధ్య ఎంతసేపు? పొద్దున మంచు విడిచేదాకా బోటు కదలదు, కదలకూడదు కూడా. సాయంత్రం కొండల నీడ తొందరగా పడుతుంది, చీకటి కాకముందే రేవు చేరాలి. ఆ మధ్యలో మిగిలే గంటల్లోనే గుడి, భోజనం, ఫోటోలు అన్నీ. "ఒకే రోజులో భద్రాచలం దర్శనం, పర్ణశాల, పాపికొండలు" అని ఎవరైనా అమ్మితే, ఆ తొందర చివరికి బోటు మీదే పడుతుందని గుర్తుపెట్టుకోండి. కొల్లూరు దగ్గర వెదురు గుడిసెల్లో రాత్రి ఉండే ప్యాకేజీల గురించి కూడా అడుగుతుంటారు. నది ఒడ్డున డిసెంబర్ రాత్రి అంటే చలి మామూలుగా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లను తీసుకుపోవద్దు.

అమెరికాలో ఉన్న మా కజిన్ వాళ్ల అమ్మానాన్నలను అలాస్కా క్రూజ్‌కు తీసుకెళ్లాలని ఇదే ప్రశ్న అడిగింది, పెద్ద షిప్ అయితే సేఫ్ కదా అని. అక్కడ గ్లేషియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద షిప్పులకే అనుమతి. పోస్టర్ మీద మంచుకొండ బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ షిప్పు అక్కడికి వెళ్తుందని కాదు, రూట్ చదవాల్సిందే. ఇక సేఫ్ అంటారా, 2019లోనే, మార్చి 23న, నార్వే తీరంలో తుఫాను మధ్య వైకింగ్ స్కై అనే షిప్పు ఇంజిన్లు ఆగిపోయాయి. దాదాపు 1,370 మంది ఉన్నారు. దాదాపు 480 మందిని హెలికాప్టర్లతో పైకి లాగారు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. కారణం? ఇంజిన్లలో లూబ్రికేషన్ ఆయిల్ ఉండాల్సినంత లేదు, అలల ఊపుకు పంపులకు అందలేదు. అంత పెద్ద షిప్పు, ఆయిల్ తక్కువై. ఆ అలల్లోకి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న అక్కడా ఉంది.

ఇంటి దగ్గర ఇంకో ఆప్షన్ నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీ. నల్లమల మధ్య నుంచి దాదాపు 110 కిలోమీటర్లు, ఐదారు గంటలు. బాగుంటది, కానీ సాగర్‌లో నీళ్లు నిండుగా ఉన్న ఏడాదే నడుస్తది. పూర్తి మట్టం 590 అడుగులు, దానికి బాగా తగ్గితే లాంచీ ఉండదు. మావాళ్లకు గోదావరే కావాలి, కాబట్టి దాన్ని పక్కన పెట్టినం.

ఇప్పుడు బోటు. అసలు కథ ఇక్కడే.

ఒక ఏజెంట్ దగ్గర పదకొండు టికెట్లు బుక్ చేశా, మనిషికి 1,100. "పై డెక్‌లో సీట్లు, అందరికీ కొత్త జాకెట్లు" అని ఫోన్‌లో చెప్పాడు. రేవు దగ్గరికి పోయేసరికి పెద్దవాళ్లకు చలి అని కింద ఏసీ గదిలో కూర్చోబెట్టారు. అద్దాలు బిగించి ఉన్నాయి, తలుపు ఒక్కటే. చూడ్డానికి వెచ్చగా, మంచిగానే ఉంది. కానీ కచ్చులూరులో అలాంటి కింది గదిలోనే చాలామంది ఇరుక్కుపోయారు. జాకెట్లు ఎక్కడని అడిగితే మూలకు మూట చూపించారు. తీసి చూస్తే నాలుగింటికి బకిల్స్ విరిగిపోయి ఉన్నాయి. "అవసరం అయితే ఇస్తామండీ, రోజూ తిప్పుతున్నాం కదండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. మర్యాదగానే చెప్పాడు పాపం. అవసరం అయిన నిమిషంలో ఎనభై మంది ఆ మూట మీద పడితే ఏమైతదో ఒకసారి ఊహించుకోండి.

నాకు కాళ్లు వణికినయి, నిజంగా. నది చూస్తే ప్రశాంతంగా ఉంది. ఎండ వచ్చింది. 12,100 కట్టేసినం. పది మంది ముసలోళ్లు ఐదువందల కిలోమీటర్లు బండిలో కూర్చుని వచ్చిండ్రు. దిగుదాం అంటే అందరూ నన్నే చూస్తున్నరు. బాపు దోస్త్ ఒకాయన "ఏం కాదు బిడ్డా, నీళ్లు నిలకడగనే ఉన్నయి" అన్నడు. ఆయన మాట నిజమే కూడా. ఆ రోజు ఆ బోటు క్షేమంగా పోయి క్షేమంగానే వచ్చింది. అయినా దిగినం. అందరికంటే ముందు దిగింది అమ్మ.

దిగగలిగినం అంటే ధైర్యం వల్ల కాదు, ముందే భద్రాచలంలో రెండు రాత్రులకు రూములు తీసుకున్నం కాబట్టి. ఒక్క రాత్రే తీసుకుని ఉంటే, మరుసటి రోజు వాపసు పోవాలని ఉంటే, ఆ ఏసీ గదిలోనే కూర్చునేవాళ్లం. నేను ఒప్పుకుంటున్నా. అందుకే చెప్తున్నా, ప్లాన్‌లో ఒక ఖాళీ రోజు పెట్టుకోండి. ఆ మధ్యాహ్నం మావాళ్లు పర్ణశాల చూసిండ్రు, నేను రేవు దగ్గరే ఉండి సాయంత్రం తిరిగొచ్చే బోట్లు చూసిన. ఫోటోలు చూసి బోటును ఎంచుకోవద్దు, ముందు రోజు వాపసు వచ్చేటప్పుడు చూడండి. దిగేవాళ్ల ఒంటి మీద జాకెట్లు ఉన్నయా? వెలుగు ఉండగానే వచ్చిందా? సరంగు పక్కన ఇంకో మనిషి ఉన్నాడా? 2019 తర్వాత గండిపోచమ్మ, పేరంటపల్లి, పోచవరం లాంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. బోటుకు ఎంతమందికి పర్మిషన్ ఉందో అక్కడ అడగొచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు.

మరుసటి రోజు ఎక్కిన బోటు చూడ్డానికి పాతది. ఏసీ లేదు, పాటలు లేవు, భోజనం పప్పు, కూర, పెరుగు, అంతే. కానీ సరంగు తాళ్లు విప్పకముందే ఒక్కొక్కరి జాకెట్ లాగి చూసిండు. మా అమ్మ దగ్గర ఆగిపోయిండు. రెండు స్వెటర్లు, పైన శాలువా, వాటి మీద జాకెట్ బకిల్ పడట్లేదు. "అమ్మా, శాలువా తీసి జాకెట్ వేసుకోండి, జాకెట్ మీద ఏదీ కప్పుకోవద్దు" అని చెప్పి పట్టీలు సరిచేసిండు. ఇది నాకు అస్సలు తట్టలేదు. చలికాలం వెళ్లేవాళ్లు మందమైన ఒక్క స్వెటర్, మంకీ క్యాప్ పెట్టుకోండి. శాలువాలు బండిలో వదిలేయండి.

కొండలు రెండు వైపులా దగ్గరికి వచ్చి, ముందు నది అయిపోయిందేమో అనిపించి, మళ్లీ తెరుచుకుంటది చూడండి, అది మాత్రం వీడియోలో రాదు. నేను ప్రయత్నించిన, రాలేదు. మా వాట్సాప్ గ్రూప్ మొత్తం సైలెంట్. చెరుకు రేటు గురించి మాట్లాడనిది ఆ గంటే అనుకుంటా.

ఏజెంట్ మూడు వారాలు తిప్పి సగం పైసలు వాపసిచ్చిండు. మిగతావి రాలేదు, నేనూ అడగడం మానేసిన.

ఇంటికొచ్చాక అమ్మ మాత్రం ఇప్పటికీ నన్ను తిడుతుంది. ట్రిప్ కోసమని కొత్త నారాయణపేట చీర కొనుక్కుంది, ఒక్క ఫోటోలో కూడా కనిపించదు. పది మందీ పేరంటపల్లి మెట్ల మీద కూడా ఆ నారింజ రంగు జాకెట్లతోనే నిలబడ్డరు, విప్పమంటే విప్పలేదు. థంబ్‌నెయిల్‌లో ఉన్న ఫోటో అదే, కుడి నుంచి మూడో ఆమె అమ్మ. వచ్చే ఎపిసోడ్ కందకుర్తి నుంచి, ఉంటా మరి.