191 ఎక్కడిది?

 

కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులారా, స్నాతకోత్సవంలో కలల గురించి చెప్పడం ఆనవాయితీ. నేను డేటాబేస్ ఇండెక్స్ గురించి చెబుతాను. తల్లిదండ్రులు కాసేపు ఓపిక పట్టాలి. రేపు మీ పిల్లలకు జీతం వచ్చేది ఇలాంటి పనుల మీదే.

ఉద్యోగంలో చేరాక ఏదో పాత టేబుల్లో వార్‌క్యార్ 191 అని కనిపిస్తుంది. 200 కాదు, 255 కాదు, 191. ఎందుకని అడిగితే పక్క సీటాయన "అంతే, అలాగే పెడతాం" అంటాడు. ఆ జవాబుతో సరిపెట్టుకోకండి. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ ఒకప్పుడు ఒక కాలమ్ నుంచి 767 బైట్లకు మించి ఇండెక్స్‌లోకి రానిచ్చేది కాదు. దాని అప్పటి యూటీఎఫ్8లో అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లు కాబట్టి 255 అక్షరాలకు 765, సరిపోయింది. ఎమోజీలకు 4 బైట్లు కావాలి. వాటికీ చోటిచ్చే యూటీఎఫ్8ఎంబీ4 2010లో వచ్చింది. ఇప్పుడు 255 అక్షరాలంటే 1020 బైట్లు, హద్దు దాటిపోయింది. 767ను నాలుగుతో భాగించి శేషం వదిలేయండి, 191 వస్తుంది. 2015లో వర్డ్‌ప్రెస్ 4.2 కూడా తన ఇండెక్స్‌లను అక్కడే కత్తిరించింది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి మామూలు అమరికలో హద్దు 3072 బైట్లు. కారణం పోయినా 191 మాత్రం కోడ్‌లో కాపురం చేస్తూనే ఉంది.

అసలు హద్దు దేనికి? బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించి 1972లో ప్రచురించిన బీ-ట్రీయే ఈ ఇండెక్స్‌లకు పునాది, దాని బలమంతా ఒక పేజీలో ఎన్ని కీలు పడతాయన్న దాని మీదే ఉంది. వెయ్యి పడితే మూడు మెట్లలో వంద కోట్ల వరుసలను అందుకోవచ్చు. 16 కేబీ పేజీలో 3072 బైట్ల కీలు ఐదే పడతాయి. అప్పుడు పదమూడు మెట్లు ఎక్కాలి. గ్రంథాలయం కార్డు మీద పుస్తకం పేరు రాస్తారు గానీ పుస్తకమంతా ఎక్కించరు కదా.

ఈ హద్దును ఒక్కో డేటాబేస్ ఒక్కోలా చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ టేబుల్ కట్టేరోజే లెక్కగట్టి కాదంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌కు 1700 బైట్ల హద్దు పెట్టి, హెచ్చరించి వదిలేస్తుంది. పొడవాటి విలువ వచ్చిన రోజు తిప్పికొడుతుంది. పోస్ట్‌గ్రెస్ ఇంకా మౌని. 8 కేబీ పేజీలో కనీసం మూడు కీలు పట్టాలి గనుక దాని హద్దు 2704 బైట్లు. కానీ పెద్ద విలువను ముందు కుదించి చూస్తుంది. మీరు ఒకే అక్షరాన్ని పదివేలసార్లు రాసి పరీక్షిస్తే హాయిగా లోపలికి పోతుంది. కుదించినా పట్టని అసలు డేటా వచ్చినప్పుడే ఎర్రర్. నా మట్టుకు మొదటి రకం మొండితనమే నచ్చుతుంది. అర్ధరాత్రి ఫోన్ రాదు.

ఇక మన సంగతి. తెలుగు లిపిలో ప్రతి కోడ్‌పాయింట్ యూటీఎఫ్8లో 3 బైట్లు. "స్త్రీ" అన్నది కంటికి ఒకే అక్షరం. యంత్రానికి ఆరు కోడ్‌పాయింట్లు, 18 బైట్లు. కాలమ్ కొలత ఇంగ్లీషు పేర్లను చూసి పెట్టినవాడికి ఇది తట్టదు.

హద్దు తప్పించుకోవడానికి మొదటి 191 అక్షరాల మీదే యూనిక్ ఇండెక్స్ పెట్టేవాళ్లున్నారు. జీవోల విషయం కాలమ్ మీద ఆ పని చేసి చూడండి. శాఖ పేరు, విభాగం పేరు, పథకం పేరు అన్నీ ముందే వస్తాయి. తేడా చివర్లో ఉంటుంది. రెండో జీవో నకలు అనిపించుకుని బయటే ఆగిపోవచ్చు.

పూర్తి పాఠం నుంచి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి దాని మీద యూనిక్ పెడితే పాఠం ఎంత పొడవైనా 32 బైట్లే. అయితే ఆ హ్యాష్ "అచ్చంగా ఇదేనా" అన్న ప్రశ్నకే జవాబిస్తుంది. ఫలానా మాటతో మొదలయ్యేవి కావాలన్నా, అకారాది క్రమం కావాలన్నా పనికిరాదు. మాటలు వెతకాలంటే ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ వేరే కట్టాలి. పైగా తెలుగు టైపింగ్‌లో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి చొరబడితే చాలు, హ్యాష్ మారిపోతుంది. ముందు పాఠాన్ని శుభ్రం చేయాలి, తర్వాతే హ్యాష్.

మీరు చేరబోయే ఆఫీసులో టెస్ట్ డేటా ఇంగ్లీషులోనే ఉంటే, తెలుగు ఫైలొకటి మీరే తయారుచేసి చేర్చండి. అందులో పొడవాటి జీవోలు, వత్తులు నిండిన పేర్లు, ఒకేలా మొదలై వేరుగా ముగిసే వాక్యాలు పెట్టండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, చేరిన వారంలోనే చేయండి.