దస్త్రముల సాక్ష్యము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాటలకును నాటకమునకును నడుమ ఆర్మీనియనుల సంహారమును గూర్చిన ప్రసంగ మేమని కొందఱికి తోచవచ్చును. మనలో పెక్కుమంది దస్త్రముల నడుమ తల నెరసినవారము. ఒక ప్రభుత్వము తన ప్రజలలో నొక జాతిని రూపుమాపినదా యను ప్రశ్న తంతులమీదను, అంకెలమీదను, సంతకములమీదను ఎట్లు విచారింపబడుచున్నదో మనవంటివారు వినదగినదే. మఱియు ఆర్మీనియనులు మనకు బొత్తిగా అపరిచితులు కారు. మదరాసులోని ఆర్మీనియను వీధిని, అందలి 1772 నాటి దేవాలయమును మీలో ననేకులు చూచియే యుందురు. ఆర్మీనియను భాషలో మొట్టమొదటి పత్రిక "అజ్దారార్" 1794లో వెలువడినది ఆ నగరముననే.

జరిగినదానిని ముందుగా క్లుప్తముగా చెప్పెదను. 1914లో ఆటోమను సామ్రాజ్యము జర్మనీ పక్షమున యుద్ధమునకు దిగెను. ఆ శీతకాలమున సరికమిష్ వద్ద రష్యనుల చేతిలో ఘోరముగా ఓడెను. 1915 ఏప్రిల్ 24న రాజధానిలో రెండువందలకు పైగా ఆర్మీనియను రచయితలు, వైద్యులు, నాయకులు నిర్బంధింపబడిరి. మే 27న స్థానాంతరమునకై ఒక తాత్కాలిక శాసనము పుట్టెను. ఆ శాసనమున ఆర్మీనియనుల పేరే కానరాదు! పురుషులను వేఱుచేసి పెక్కుచోట్ల చంపిరి. స్త్రీలను, వృద్ధులను, పసిబిడ్డలను సిరియా ఎడారివైపు నడిపించిరి. మృతుల సంఖ్యను 6 లక్షల నుండి 15 లక్షల వఱకు పలువురు పలువిధములుగా లెక్కించిరి. నాటి హోంమంత్రి తలాత్ పాషా స్వంతముగా వ్రాసియుంచుకొనిన పుస్తకము 2008లో టర్కీలోనే అచ్చయినది. అందు యుద్ధమునకు పూర్వము సుమారు 12½ లక్షలుగా నున్న ఆర్మీనియనులు 1917 నాటికి 2 లక్షల 84 వేలుగా చూపబడిరి. ఇది శత్రువులు వ్రాసిన లెక్క కాదు.

టర్కీ ప్రభుత్వము ఈ మరణములను కాదనదు. అవి యుద్ధము, ఆకలి, రోగము, దోపిడీ వలన కలిగినవనియు, నిర్మూలనోద్దేశము లేదనియు చెప్పును. కావున వివాదమంతయు ఉద్దేశమును గూర్చియే.

1916లో బ్రైసు ప్రభువును, అప్పటికి యువకుడైన ఆర్నల్డ్ టాయిన్బీయును ప్రత్యక్షసాక్షుల వాఙ్మూలములను గుదిగ్రుచ్చి గొప్ప సంపుటమును ప్రకటించిరి. అది బ్రిటిషువారి యుద్ధప్రచారమని యొక ఆక్షేపణ కలదు. ఆ ఆక్షేపణ కొంతవఱకు న్యాయమే. కాని టర్కీకి మిత్రరాజ్యమైన జర్మనీ రాయబారి వాంగెన్‌హైమ్ 1915 జులైలోనే ఆ ప్రభుత్వ లక్ష్యము ఆర్మీనియను జాతి నిర్మూలనమేయని బెర్లినుకు నివేదించెను. మిత్రుని పరువు తీయుట వలన అతనికి కలుగు లాభమేమి?

ఇక తంతుల కథ. నయీమ్ అను అలెప్పో ఉద్యోగి యొద్ద కొన్నవని చెప్పి, ఆరామ్ అందోనియన్ 1920లో తలాత్ పాషా పంపిన తంతులను ప్రకటించెను. 1983లో ఇరువురు టర్కీ రచయితలు వాని రహస్యాంకెల పద్ధతి సరిపోలదనియు, కాగితము ప్రభుత్వ కాగితము కాదనియు, అసలు ఆ ఉద్యోగియే లేడనియు వాదించిరి. చాలకాలము జాగ్రత్తగల చరిత్రకారులు ఆ తంతుల జోలికి పోలేదు. తరువాత టర్కీ దేశీయుడే యైన తానెర్ అక్చామ్ ఆ యేండ్ల ఆటోమను తంతులను పరిశీలించి, అట్టి అంకెలే, అట్టి గీతల కాగితమే వాడుకలో నుండెననియు, నయీమ్ పేరు ప్రభుత్వ పత్రములలోనే కలదనియు 2016లో చూపెను. కాగితపు గీతలను బట్టి ఇంతటి వ్యాజ్యము నడచుట మనకు వింతగా తోచదు గదా!

ఉద్దేశమున్నదని యంగీకరించు పండితులలోను ఏకాభిప్రాయము లేదు. వహాకిన్ దాద్రియన్ దానికి వెనుకటి దశాబ్దముల నాటి మూలములు వెదకెను. డోనాల్డ్ బ్లాక్స్‌హామ్, రోనాల్డ్ సూనీ మొదలగువారు ముందుగా వేసిన పథకము కాదనియు, యుద్ధమున పుట్టిన భీతిలో, నెలల వ్యవధిలో ముదిరిన నిర్ణయమనియు చెప్పుదురు. గుంటర్ లూయీ మాత్రము కేంద్రాజ్ఞ ఋజువు కాలేదని 2005లో వ్రాసెను. నాకు రెండవ పక్షమే సమంజసముగా తోచుచున్నది. ప్రభుత్వములు ఒక్కనాటి ఉత్తరువుతో నడవవని, ఒక కాగితము మఱియొక కాగితమును కనునని మనకు తెలియును. ఇస్తాంబూలులో ఈ చర్చ ఉచితముగా దొరకినది కాదు. ఆర్మీనియనుల కథను టర్కీ భాషలో నిర్భయముగా చర్చించిన పత్రికా సంపాదకుడు హ్రాంత్ దింక్ 2007 జనవరి 19న తన కార్యాలయము ముంగిట కాల్చి చంపబడెను.

ఉద్దేశమునకు నాకు తోచు బలమైన సాక్ష్యము కాదన్న ఉద్యోగులకు పట్టిన గతియే. అలెప్పో రాష్ట్రపాలకుడు జలాల్ బే మొదట ఇది నిజముగా పునరావాసమే యనుకొని, వచ్చువారికి వసతులు కట్టింప ద్రవ్యము కావలెనని పైకి వ్రాసెను. ద్రవ్యము రాలేదు. అతనిని కోన్యాకు బదిలీ చేసిరి. అక్కడను అడ్డుపడుచుండుటచే 1915లోనే తొలగించిరి. ఆ సంగతులను 1918లో అతడే పత్రికలో వ్రాసెను. దియార్‌బకిర్ ప్రాంతమున లిజె అను చోట, మన తహసీల్దారు వంటి ఉద్యోగి హుసేన్ నసీమీ యుండెను. నోటిమాటగా వచ్చిన ఆజ్ఞను అతడు పాటింపక, వ్రాతమూలకముగా ఇప్పింపుడని కోరెను. అతనిని దియార్‌బకిరునకు రమ్మని కబురు వచ్చెను. అతడు బయలుదేరెను. త్రోవలోనే అతనిని చంపిరి. అక్కడి పాలకుడు రషీద్ యుద్ధానంతరము నిర్బంధింపబడి, తప్పించుకొని, విచారణకు చిక్కకయే 1919లో ఆత్మహత్య చేసికొనెను. నసీమీ యడిగిన కాగితము రానేలేదు.