సంతకానికి పైన ఏముంది?

పట్టాలు అందుకున్న పిల్లలకు, పొద్దున్నే బస్సులు మారి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలకు అభినందనలు. మర్యాదలు అయిపోయాయి.

ముప్పై ఏళ్లకు పైగా పత్రిక డెస్కులో విదేశీ వార్తలు తర్జుమా చేసి బతికాను. అందులో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. 2017లో శ్రీలంక హంబన్‌టోట ఓడరేవును 99 ఏళ్లకు చైనా కంపెనీకి లీజుకిచ్చింది. నైట్ షిఫ్టు, పేజీ వదలడానికి పది నిమిషాలుంది. 'అప్పు తీర్చలేక రేవును అప్పజెప్పిన లంక' అని హెడ్డింగ్ కొట్టాను. అదిరిందన్నారు. కానీ తప్పు. రేవు కోసం చైనా దగ్గర తెచ్చిన అప్పు రద్దు కాలేదు. లీజు మీద వచ్చిన 112 కోట్ల డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లాయి. చైనా అప్పుకన్నా అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్ల బాకీయే లంకకు పెద్ద బరువు. ఆ ఒప్పందం గురించి తీరిగ్గా చదివాక గానీ నాకీ సంగతి తెలియలేదు.

అప్పట్నుంచి నాకో చాదస్తం పట్టుకుంది. ఏ దేశంలోనైనా బయటివాళ్ల పెత్తనం పెరిగిందంటే, దానికి ముందు ఇంట్లోవాళ్లు ఏ కాగితం మీద సంతకం పెట్టారా అని వెతుకుతాను. లంకలో నాకు దొరికిన కాగితం 2010 సెప్టెంబరు నాటి 18వ రాజ్యాంగ సవరణ. అధ్యక్షుడు రెండుసార్లే అన్న పరిమితి ఎగిరిపోయింది. ఎన్నికల, పోలీసు కమిషన్ల నియామకాలు ఆయన గుప్పిట్లోకి పోయాయి. అత్యవసర బిల్లని చెప్పి ఒక్కరోజులో కానిచ్చారు. అవునన్నవాళ్లు 161 మంది, వద్దన్నవాళ్లు 17. అడగాల్సిన కుర్చీలన్నీ ఒకరి దయతో నిండితే, విమానాలు పెద్దగా దిగని మత్తళ విమానాశ్రయానికి చైనా అప్పు ఎందుకని ఎవరడుగుతారు? 2015లో 19వ సవరణతో దాన్ని దిద్దారు. 2020లో 20వ సవరణతో చాలావరకు మళ్లీ మొదటికొచ్చారు. రాజ్యాంగాన్ని పంచెలా విప్పి కట్టుకోవడమే.

మధ్యలో 2018 ఉంది. అప్పటి అధ్యక్షుడు సిరిసేన ప్రధానిని తీసేసి, ఆ స్థానంలో మాజీ అధ్యక్షుడు మహింద రాజపక్సను కూర్చోబెట్టి, పార్లమెంటునే రద్దు చేశాడు. సభలో ఎంపీలు కారంపొడి చల్లారు. గుంటూరు మిర్చి కొనే దేశాల్లో లంకా ఒకటి కాబట్టి ఇందులో మన విదేశీ హస్తాన్ని కొట్టిపారేయలేం! నవ్వండి, ఫరవాలేదు. ఆ గొడవలో దేశాన్ని ఒడ్డున పడేసింది ఒక్క వాక్యం: సభ తనంత తాను కోరితే తప్ప, నాలుగున్నరేళ్లు నిండకుండా రద్దు చేయరాదని 19వ సవరణలో ఉంది. డిసెంబరు 13న ఏడుగురు న్యాయమూర్తులు ఆ వాక్యం పట్టుకుని రద్దును ఏకగ్రీవంగా కొట్టేశారు.

రెండొందల ఏళ్ల కిందట నమ్మకం మీద పెట్టిన సంతకాలూ ఉన్నాయి, ఆ కథలో మనవాళ్లూ ఉన్నారు. లంకలోని కాండీ రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు మదురై నుంచి వెళ్లిన నాయకర్ల వంశం, తెలుగు మూలాలవాడు. ఆయన మీద సొంత సర్దార్లకు కడుపుమంట. జాన్ డాయిలీ అనే ఇంగ్లీషు అధికారి సింహళం నేర్చుకుని మరీ ఆ మంటను ఎగదోశాడు. 1815 మార్చి 2న సర్దార్లు తమ హోదాలు తమకే ఉంటాయన్న నమ్మకంతో, రాజును గద్దె దించే ఒప్పందం ఇంగ్లీషువాళ్లతో చేసుకున్నారు. మూడేళ్లు నిండకుండానే తిరుగుబాటు జరిగింది. 1818 నవంబరు ప్రకటన ఆ హోదాలకు కోత పెట్టింది. రాజు వేలూరులో ఖైదీగానే పోయాడు.

లంక సంగతి సరే, మన సంతకాల సంగతేంటి? మూడో వరుసలో ఫోన్ చూసుకుంటున్న బాబూ, నీతోనే. ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నావా? వడ్డీ ఏ నెల నుంచి మొదలవుతుందో చెప్పు చూద్దాం. నాన్నకి తెలుసా? ఆయన నీకు తెలుసనుకుంటున్నారు.

ఇందాక గుమ్మం దగ్గర బల్ల మీది రిజిస్టర్లో అందరూ బారులు తీరి సంతకాలు పెట్టారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఒక్కళ్లూ పైన ఏముందో చూడలేదు. మీరు వెళ్లాక నేను చదివాను. 'గౌను, టోపీ మంచి స్థితిలో తిరిగి అప్పగించాను' అని ఉంది. అవి ఇంకా మీ ఒంటిమీదే ఉన్నాయి నాయనా.